వానకు విప్పిన జుట్టు

ఆ వానాకాలమంతా మా ఊళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. నా పేరు తిరుపతమ్మ అని నేనే మరిచిపోయేటట్టు చేశారు. మగవాళ్లు "తల్లీ" అనేవాళ్లు. ఆడవాళ్లు "అమ్మా" అంటూ కాళ్లకు దండం పెట్టేవాళ్లు. పిల్లలు మాత్రం నన్ను చూడగానే "ద్రౌపది వస్తుందిరోయ్" అని గోడల చాటుకు ఉరికేవాళ్లు. నాకు నచ్చినవాళ్లు ఆ పిల్లలే. ఉన్నమాట అన్నారు.

ఇంతకీ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, జుట్టు విప్పుకున్నాను. అంతే.

మాది ఇటిక్యాల దగ్గర పల్లె. విత్తనాల కోసం పండించే సీడు పత్తి, మిరప, కంది. బోరున్నవాళ్లు బోరును నమ్ముకుంటారు, లేనివాళ్లు ఆకాశాన్ని నమ్ముకుంటారు. మృగశిర దాటినా చినుకు పడకపోతే మా ఊరివాళ్లు భారతం ఆడతారు. ఐదు సాయంత్రాలు, ఆంజనేయస్వామి గుడి ముందు. మొదటిరోజు పెళ్లి, రెండోరోజు సభ. సభలో ద్రౌపదిని జుట్టు పట్టి ఈడుస్తారు. ఆమె కొప్పు విప్పేసి, దుర్యోధనుడి నెత్తురు తలకు రాసుకునేదాకా ముడి వేయనని ప్రతిజ్ఞ చేస్తుంది. ఐదోరోజు భీముడు గదతో దుర్యోధనుడి తొడ విరగ్గొడతాడు. పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లు ద్రౌపది తలకు రాస్తారు. అప్పుడామె కొప్పు ముడుచుకుంటుంది. అందాకా ఆ తలకు దువ్వెన తగలకూడదు. భారతంలో దుశ్శాసనుడి నెత్తురంటారు, మాకు మాత్రం దుర్యోధనుడిదే. ఇది మా ఊరి కట్టు.

మా నాయన చెన్నయ్య బతికినన్నాళ్లూ ద్రౌపది వేషం ఆయనదే. ఆయనకు సవరం ఉండేది. సభ అయిపోగానే ఆ సవరాన్ని విప్పింది విప్పినట్టే గుడిలో మేకుకు తగిలించేవాళ్లు, ఐదోరోజు తీసి ముడి వేసేవాళ్లు. ఒక ఏడాది ఎందుకో ఆట మధ్యలోనే ఆగిపోతే, అది మరుసటి ఏడాది దాకా మేకుకే వేలాడింది. ఎవరికీ ఇబ్బంది లేదు. సవరానికి మొగుడు లేడు, పొయ్యి లేదు, కడుపుతో ఉన్న కూతురు లేదు.

నాయన పోయాక ఆ వేషం కట్టే దిక్కు లేకుండా పోయింది. ఈ కాలం మగపిల్లలకు చీర కట్టుకొమ్మంటే, సెల్లులో వీడియో తీసి నలుగురికీ పంపుతారని భయం. నాకేమో మాటలన్నీ నోటికి వచ్చు. చిన్నప్పుడు నాయన వల్లిస్తుంటే వెనకాలే అంటూ పెరిగినదాన్ని. ఆట నడిపించే సత్తయ్య పెద్దనాయన మా ఇంటికి వచ్చి, "బిడ్డా, ఈసారి నువ్వే కట్టాలె. ఆడదాని వేషం ఆడదే కడితె తప్పేంది?" అన్నాడు.

అబద్ధమెందుకు, నాకు ఒళ్లు పులకరించింది. సవరాన్ని ఎలుకలు కొట్టేశాయని ఎవరో అంటే, "తిరుపతమ్మకు సవరమెందుకు, దాని జుట్టే మోకాళ్ల దాంక ఉన్నది" అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సవరాన్నైతే మేకుకు తగిలించొచ్చు, మనిషిని ఎక్కడ తగిలిస్తారని ఆ పూట ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మా ఊరి భారతానికి మనుషులు చాలరు. నా మొగుడు సాయన్న భీముడు. మనిషి తాటిచెట్టంత ఉంటాడు, ఇంట్లో మాత్రం గొంతు లేవదు. దుర్యోధనుడు ఉరుకుందు. దుశ్శాసనుడి వేషానికి మనిషి దొరక్క, జుట్టు లాగే పని కూడా దుర్యోధనుడికే అప్పగించారు. ఆ ఉరుకుందుకూ మాకూ మాటల్లేవు. మేం కౌలుకు చేసే చేనూ అతని చేనూ పక్కపక్కనే. రెండు చేలకూ నడుమ హద్దైన గెట్టు జరిపావని మావాడు, నువ్వే జరిపావని అతను, కొట్లాట ఠాణా దాకా పోయింది. నేను ఈ ఊళ్లోనే పుట్టి పెరిగినదాన్ని. చిన్నప్పుడు నన్ను అక్కా అక్కా అంటూ కొంగు పట్టుకు తిరిగినవాడు, ఆ కొట్లాట తర్వాత ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయేవాడు.

సభ రోజు ఉరుకుందు జుట్టు పట్టి లాగాడు. గెట్టు కోపమంతా ఆ చేతిలోనే ఉంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి నాకు. ఆ నొప్పితోనే నిండు సభలో ద్రౌపది అడిగిన మాట అడిగాను. తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం కాసే హక్కు ఎవరిచ్చారని. ఎవరూ బదులు చెప్పరు. చెప్పకూడదు, ఆట అది. భీముడి వేషంలో సాయన్న తల వంచుకుని కూర్చున్నాడు. అందరూ మెచ్చుకున్నారు, ఎంత బాగా వంచుకున్నాడని.

ప్రతిజ్ఞ చెప్పి ముడి విప్పి జుట్టు విదిలించానో లేదో, ఉరిమింది. హార్మోనియం మీద పెద్దపెద్ద చినుకులు టపటపా పడ్డాయి. ఊరంతా ఒకటే కేకలు. ముసలివాళ్లు కూడా వానలో ఎగిరారు. పక్కింటి ఈదమ్మ అవ్వ పరుగున వచ్చి నా కాళ్లమీద పడింది. "తల్లీ, నీ నోట్ల శక్కర వోస్త" అంది. తడిసిన జుట్టు వీపుకు అతుక్కుని, నేను నిజంగానే ఏదో సాధించినదానిలా నిలబడ్డాను.

మర్నాడు ఊరు ఊరంతా విత్తనాలకు పోయింది. సత్తయ్య పెద్దనాయన వచ్చి, "ఇత్తనాలు పడనియ్యి బిడ్డా. రెండు దినాలు ఓర్చుకో, ఆట పూర్తి చేద్దాం" అన్నాడు.

ఆ రెండు దినాలు ఎన్నడూ పూర్తి కాలేదు.

విత్తనాలు మొలిచాయి. మొలిచినవాటికి మళ్లీ వాన పడింది. పక్క ఊళ్లకు అరకొరగా పడి, మా పొలిమేరలోకి వచ్చేసరికి దంచికొట్టేది, లేదా అందరికీ అలా అనిపించేది. ఆట సంగతి నేను కదిపినప్పుడల్లా ఏదో ఒక పని అడ్డం వచ్చేది. కలుపు. పురుగుమందు కొట్టడం. తర్వాత సీడు పత్తిలో క్రాసింగు, అంటే మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు చేత్తో రాయడం, ఆ రోజుల్లో ఊళ్లో ఎవరికీ తిండికి కూడా తీరికుండదు. చివరికి పెద్దనాయన అసలు మాట బయటపెట్టాడు.

"తొందరేముంది బిడ్డా? ద్రౌపది కోపంల ఉన్నన్ని దినాలు దేవుడు వాన పంపుతుండు. దుర్యోధనుడు సస్తె ఆమె కోపం సల్లారుతది. సల్లారినంక వానకేం పని?"

"మరి నా తల?"

"నీ తలకేమైంది? బంగారమసుంటి జుట్టు."

అప్పుడు అర్థమైంది నాకు. మా ఊళ్లో ఎవరికీ దుర్యోధనుడు చావడం ఇష్టం లేదు.

మోకాళ్ల దాకా ఉన్న జుట్టు విప్పుకుని ఒక్క పూట ఇంటిపని చేసి చూడండి, తెలుస్తుంది. పొయ్యి దగ్గర వంగితే కొసలు కమిలేవి. పప్పులో వెంట్రుక, చాటలో వెంట్రుక, నీళ్ల బిందెలో వెంట్రుక. దువ్వకూడదు కాబట్టి లోపల్లోపల చిక్కులు పడి గడ్డ కట్టింది. పేలు పడ్డాయి. ఉక్కకు మెడంతా చెమటకాయలు. పడుకుంటే నా జుట్టు నా వీపు కిందే పడి, పక్కకు తిరగబోతే నన్నే పట్టి లాగేది. ద్రౌపది పదమూడేళ్లు ఎలా ఓర్చుకుందో మహాతల్లి! ఆమెకు అక్షయపాత్ర ఉంది, వంట బాధ లేదు. నాకేముంది, గ్యాసు పొయ్యి.

నన్నెవరూ తిట్టలేదు, కొట్టలేదు. అదే వచ్చిన చిక్కు. తిడితే తిరిగి తిట్టేదాన్ని, నా నోరేం తక్కువది కాదు. వాళ్లు పెరుగు తెచ్చి ఇచ్చేవాళ్లు. క్రాసింగుకు పోతానంటే, "పువ్వులల్ల ఎంటికలు పడ్తయి తల్లీ, నువ్వు కూసో, నీ కూలి మేమిస్తం" అన్నారు. గద్వాల బస్సెక్కబోతే నలుగురు చేరి, "పొలిమేర దాటితె ఎట్ల తల్లీ" అని ఎంతో మర్యాదగా నా చేతిలోని సంచి అందుకుని ఇంటి దాకా తెచ్చి దించారు. బతుకమ్మ ఆడేటప్పుడు నన్ను పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. విరబోసిన జుట్టుతో బతుకమ్మ ఆడకూడదట. దండాలు పెట్టించుకోవడానికి మాత్రం పనికొస్తానట. గుళ్లో అమ్మవారికి కూడా ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. ఎంత పూజ చేసినా తలుపు బయటినుంచే వేస్తారు కదా.

మరి నువ్వే ముడి వేసుకోవచ్చు కదా అంటారు మీరు. వేసుకున్నాను ఒకసారి.

శ్రావణంలో ఒకనాడు రొట్టెలు చేస్తూ ఉక్క తట్టుకోలేక, ఎవరు చూస్తారులే అని గుడ్డపీలికతో జుట్టు వెనక్కి కట్టాను. మెడకు గాలి తగిలి ప్రాణం లేచి వచ్చింది. ఆ వారమే వాన మొహం చాటేసింది. పత్తి ఆకులు వాలిపోయాయి. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో తెలియదు, ఒక పొద్దున తలుపు తీస్తే వాకిట్లో జనం. ఈదమ్మ అవ్వ ముందుకొచ్చింది. ఆమెకు ఎకరం మిరప తప్ప ఈ లోకంలో ఇంకేమీ లేదు.

"నీకు దండం పెడత బిడ్డా. నా మిరప ఎండితె నేనేం తినాలె?"

నాకు కోపం రావాలి. రాలేదు, ఏడుపు వచ్చింది. పీలిక విప్పి ఆమె చేతిలోనే పెట్టాను. తర్వాత వాన పడింది. దానికీ దీనికీ ఏం సంబంధమని చదువుకున్న నా కూతురు అంటుంది. లేకపోవచ్చు. కానీ దేవుడి ఎదుట ప్రతిజ్ఞ చెప్పిన నోరు నాది. వాన పడుతున్నది మా కౌలు చేలో కూడా. నాకూ భయమే. అందుకే నాకు కావలసింది దొంగచాటు ముడి కాదు, దుర్యోధనుడి చావు. పద్ధతిగా, అందరి ముందు.

ఇక నా కూతురు ప్రణీత. దాన్ని వనపర్తిలో ఇచ్చాం. మొదటి కాన్పు. ఏడో నెలలో నేను వెళ్లి ఒడి నింపి, గాజులు తొడిగి ఇంటికి తెచ్చుకోవాలి. ఏడో నెల ఇలాగే దాటిపోయింది. ఎనిమిదో నెలలో కదిలించకూడదు. తొమ్మిదో నెల వచ్చేసింది. దానికోసం గద్వాల చీర, పసుపు బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, గాజులు, అన్నీ సంచిలో సర్ది పెట్టాను. వెళ్లే మనిషికే దారి లేదు.

వాళ్లింటికి వీడియో కాల్ చేశాను. మా వియ్యపురాలు వనజ ఫోనెత్తి, నన్ను చూడగానే గుండెమీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో వదినా! ఎవరు పోయిండ్రు?"

"ఎవరు పోలేదు వదినా. మా ఊళ్లె భారతమాడిండ్రు" అని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె మంచి మనిషే. ఓపిగ్గా విన్నది.

"నీ బాధ నాకు తెలుస్తున్నది వదినా. కానీ జుట్టు ఇరబోసుకొని మా గడప తొక్కొద్దు. సచ్చినింట్ల ఏడ్వనీకి వచ్చినట్టుంటది. కడుపుతోని ఉన్న పిల్లకు గట్ల ఒడి నింపుతరా? ముడేసుకొని రా, నిన్ను నెత్తిన వెట్టుకుంట."

"పోనీ వాళ్ల నాయనను పంపుతా, తోలియ్యి."

"ఒడి నింపకుంట ఎట్ల తోలియ్యాలె? తల్లివి నువ్వు ఉండంగ?"

వెనకనుంచి ప్రణీత మొహం సగం కనిపించింది. చెంపలు ఉబ్బి ఉన్నాయి. "అమ్మా, నాకు నీ దగ్గరికి రావాలనుందే" అంది.

పెద్దనాయన దగ్గరికి పోయి కాళ్లా వేళ్లా పడ్డాను. పత్తి ఏరినంక చూద్దామన్నాడు. పత్తి ఏరేసరికి నా బిడ్డ కన్న పసికందుకు బారసాల కూడా అయిపోతుందని అరిచాను. "మిరపకు గూడ ఒక తడి వడాలె బిడ్డా" అన్నాడు, అదేదో నాకు మేలు చేస్తున్నట్టు. ఇంటికొచ్చి సాయన్నను నిలదీశాను. భీముడు అతనే కదా. అతను గద ఎత్తితే దుర్యోధనుడు పడక తప్పదు.

"బిడ్డ కనే టైమొచ్చింది. నువ్వొక్క మాటంటె ఆట అయితది. ఏమంటవ్?"

అన్నం కలుపుతూనే ఉన్నాడు. "జర ఆగరాదె. పోయిన ఏడు చేనంత ఎండిపాయె. ఈసారన్న కాయ మంచిగ పట్టింది. ఊరందరికి ఎదురు పోయి మనం బతుకుతమా?"

"కడుపుల ఉన్నది ఆగుతదా?"

తల వంచుకున్నాడు. ఆటలో ఎలా వంచుకున్నాడో అచ్చం అలాగే. ద్రౌపదికి ఐదుగురు మొగుళ్లుండి ఆ గతి పట్టింది. నాకు ఒక్కడే కాబట్టి ఒక్క తలే వంగింది, సంతోషించాలి. ఒళ్లు మండి చేతిలో గిన్నె గోడకేసి కొట్టాను. గిన్నెకు సొట్ట పడింది, అతను మాత్రం చెయ్యి కడుక్కుని చేనుకు పోయాడు.

దసరా పోయిన కొద్దిరోజులకు, పొద్దున్నే ప్రణీత ఫోను. వాళ్లత్తకు వినపడకుండా మాట్లాడుతున్నట్టుంది.

"అమ్మా, దవాఖానల డాక్టరమ్మ ఉమ్మనీరు తగ్గిందంటున్నది. ఎప్పుడన్న నొప్పులు రావచ్చునట. నాకు భయమైతుందే. నువ్వు పక్కన లేకుంట నేను కననే. నీకు వాన ఎక్కువనా, నేను ఎక్కువనా?"

నేను నోరు తెరిచేలోపే పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

నేను ఇంకేమీ ఆలోచించలేదు. ఒడి సంచి భుజాన వేసుకుని గుడి దగ్గరికి నడిచాను. ఆ వేళకు కూలి ఆటోల కోసం ఊరంతా అక్కడే ఉంటుంది. వాన పడి గుడి ముందు బురద బురదగా ఉంది. సత్తయ్య పెద్దనాయన అరుగుమీద చాయ్ తాగుతున్నాడు. సాయన్న మందు పంపు వీపుకు తగిలించుకుని నిలబడి ఉన్నాడు. నేను గుడిలోకి పోయి, మూలనున్న చెక్క గద ఈడ్చుకొచ్చి నడిమధ్యలో నిలబెట్టాను.

"ఐదో నాటి ఆట ఇయ్యాల" అన్నాను.

పెద్దనాయన గ్లాసు కింద పెట్టాడు. "పిచ్చి లేసిందా బిడ్డా? హార్మోనియం లేదు, వేషాల్లెవ్వు."

"జుట్టున్నది. సాలదా?"

మా నాయన నేర్పిన గొంతు ఎత్తాను. "భీమసేనా! నా జుట్టు పట్టి ఈడ్చినవాడు ఇంకా భూమ్మీద నవ్వుతూ తిరుగుతున్నాడు. నీ గదకు నిద్ర పట్టిందా, నీకు పట్టిందా?" అని పిలిచాను. సాయన్న పంపు గొట్టం వేళ్లకు చుట్టుకుంటూ నేల చూశాడు. రెండోసారి పిలిచాను. మూడోసారి పిలవడానికి నాకే సిగ్గేసింది.

ఆడవాళ్లు నా చుట్టూ చేరారు. "ఒద్దు తల్లీ", "ఇంకొక్క నెల ఓర్చుకో తల్లీ" అన్నారు. ఈదమ్మ అవ్వ ఏడుస్తోంది. ఎవరూ నన్ను పట్టుకోలేదు, ముట్టుకోలేదు. దారి మాత్రం ఎటుచూసినా లేదు.

అప్పుడే ఉరుకుందు ట్రాక్టరు వచ్చి జనం వల్ల ఆగింది. యుద్ధమంతా అయ్యాక దుర్యోధనుడు మడుగులో దాక్కుంటాడు. పాండవులు ఒడ్డున నిలబడి తిట్టి బయటికి రప్పిస్తారు. ఆ తిట్లు భీముడివి. కానీ అవి కూడా నాకు వచ్చు.

"ఓ రారాజా! మడుగుల దాక్కున్నవా? తమ్ములందర్ని సంపిచ్చుకొని నీ పానం నీకంత తీపా? ఆడదాని జుట్టు వట్టిననాడు ఉన్న మగతనం ఇయ్యాల యాడ వోయింది? బయటికి రా!"

ఉరుకుందు స్టీరింగు మీద చేతులుంచి నన్నే చూశాడు. గడ్డలు కట్టిన నా జుట్టు చూశాడు, భుజాన సంచి చూశాడు. ఇంజను ఆపేశాడు.

"దిగకురా ఉరుకుందూ" అని పెద్దనాయన అరిచాడు. "నీ చేను గూడ ఉన్నది, యాదుంచుకో."

"నా చేను సంగతి నాకెరికే." అతను దిగి చెప్పులు విడిచాడు. తువ్వాలు నడుముకు బిగించాడు. "గంత మాట పడ్డంక రాకుంటె దుర్యోధనుడెట్లయితడు పెద్దనాయినా? ఆయనకు ఏమున్నా లేకున్నా రోషమున్నది."

నా ఎదుటికి వచ్చి నిలబడి సాయన్న వైపు తిరిగాడు. "రా సాయన్నా. గెట్టు పగ గూడ తీర్చుకో. నేను సెయ్యెత్తను."

సాయన్న కదల్లేదు. ఆ కాసేపు నేనెంత ఆశపడ్డానో చెప్పలేను. ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే అంతకుముందుదంతా మరిచిపోయేదాన్ని. వేయలేదు.

ఉరుకుందు గొంతు తగ్గించి, "ఆయన రాడక్కా. నువ్వే కొట్టు" అన్నాడు. అక్కా అనే మాట అతని నోట విని ఎన్నేళ్లయిందో.

"ద్రౌపది కొట్టదు గదరా. ఆటల లేదు."

"ఆటల లేనియి శాన జరిగినయి. కొట్టు."

మెల్లగా తగిలించాలనే గద ఎత్తాను. ఎత్తాక మాత్రం, ఆ దండాలు, ఆ పెరుగు గిన్నెలు, ఆ కుర్చీ, సగం కనిపించిన బిడ్డ మొహం, అన్నీ చేతుల్లోకి వచ్చాయి. గద తొడమీద పడ్డ చప్పుడుకు ఆటో డ్రైవరు కూడా "అబ్బా" అన్నాడు. ఉరుకుందు "అమ్మో" అని ఒక్క కేక పెట్టి బురదలో కూలిపోయాడు. ఆ కేక ఆటలోది కాదు.

ఎర్రనీళ్లు కలిపి తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. నేను దిక్కులు చూస్తుంటే, ఉరుకుందే పడ్డచోటినుంచి చెయ్యి పైకి చాపాడు. రాయి తగిలి మోచెయ్యి చీరుకుపోయింది.

"తీస్కో. అసలుదే."

వేలితో తుడిచి పాపిట్లో రాసుకున్నాను. జనమంతా ఆకాశం వైపు చూశారు. నేను చూడలేదు.

ఇక ముడి వేద్దామంటే పడదే! నెలల తరబడి దువ్వెన ఎరగని జుట్టు చేతికి లొంగలేదు. చుడితే జారుతోంది, లాగితే తెగుతోంది. ముడి పడకుండా దుర్యోధనుడు లేస్తే ఆట చెల్లదు, మళ్లీ మొదటికొస్తుంది. అది అక్కడున్న అందరికీ తెలుసు. "లెవ్వురా, తమాషా సాలు" అని పెద్దనాయన గదిమాడు. ఇద్దరు ముగ్గురు వంగి చెయ్యి అందించారు. ఉరుకుందు ఒక్కరి చెయ్యి కూడా అందుకోలేదు. బురదలో వెల్లకిలా పడి కళ్లు మూసుకున్నాడు.

"జల్ది కానియ్యక్కా, చీమలు కుడ్తున్నయి."

"అయితలేదురా" అన్నాను ఏడుస్తూ.

"సరె, నిమ్మలంగనే కానియ్యి. నేను యాడికి వోను."

చివరికి చీర కొంగు చింపి, జుట్టునంతా కుప్పగా పోసి కట్టిపడేశాను. అది కొప్పులా లేదు, గడ్డిమోపులా ఉంది. కానీ నిలబడింది.

"పడ్డదిరా" అన్నాను.

అతను కళ్లు తెరవలేదు. "నువ్వు పో. నేను లేస్తె, దుర్యోధనుడు సావలేదని మళ్ల నీ ముడి ఇప్పిస్తరు. నువ్వు ఊరు దాటేదాంక నేను సచ్చే ఉంట. పోయి బిడ్డను తెచ్చుకో."

జనం పక్కకు జరిగారు. ఆటో డ్రైవరు ఎవరినీ అడక్కుండా నా సంచి అందుకుని లోపల పెట్టాడు. ఎర్రవల్లి చౌరస్తాలో వనపర్తి బస్సు దొరుకుతుంది, దించుతానన్నాడు. సాయన్న "ఏమే" అని ఏదో అనబోయాడు. నేను వినలేదు, వినదలుచుకోలేదు.

ఆటో మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. కూలివాళ్లు ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. గుడి ముందు బురదలో ఉరుకుందు అలాగే పడి ఉన్నాడు, ఒక చెయ్యి ఇంకా నేను వదిలిన చోటే చాపి. ఊరంతా నాకు దండం పెట్టింది. నాకోసం చచ్చింది వాడొక్కడే.